వినే గంట

కంచరి లక్కోజు సోమలింగాచారికి తన పనితనం మీద అనుమానం అనేది ముప్పైతొమ్మిదేళ్ళలో ఒక్కసారే కలిగింది. అదీ ఏ దొర ఎదుటో చేతులు కట్టుకుని నిలబడ్డప్పుడు కాదు. ఇంట్లో పీట మీద కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నప్పుడు. ఆ ముద్ద నోటిదాకా వెళ్ళనేలేదు.

అయితే ఆ మధ్యాహ్నం సంగతికి ముందు ఆ పొద్దుటి సంగతి చెప్పుకోవాలి. ఆ పొద్దున్న ఆయనంత ధీమా గల మనిషి విశాఖపట్నం జిల్లా అంతా గాలించినా దొరికేవాడు కాడు.

కొండల పాదాన ఉన్న బొర్రంపేటలో, దొరలు దిగే బంగళాలో, పొడుగాటి బల్ల మీద పటం పరిచి ఉంది. దాని చుట్టూ ముగ్గురు దొరలు. పైన మన్యంలో కొండజనం అడవి పన్ను కట్టేది లేదన్నారు. అడగడానికి వెళ్ళిన తాలూకా జవాను తలపాగా ఊడదీసి, శుభ్రంగా మడిచి, వాడి చేతిలోనే పెట్టి కిందికి పంపించేశారు. ఆ తలపాగాకి జవాబుగా ఆరువందల మంది సిపాయిలు, రెండు చిన్న ఫిరంగులు వచ్చి ఊరి మామిడితోపులో దిగాయి. వాళ్ళకి పెద్ద కర్నల్ బ్రాండన్ దొర. ఆయన నడిస్తే నేల మీద కాళ్ళ చప్పుడుతో పాటు చేతికర్ర చప్పుడు కూడా పడేది.

"ఇంకో వారంలో వానలు," అన్నాడు డాక్టర్ పిమ్ దొర, చమట తుడుచుకుంటూ. "వానలు పడితే మన్యం జ్వరం. నిరుడు పైకి వెళ్ళినవాళ్ళలో సగంమంది డోలీల్లో దిగారు."

"వారం చాలు," అన్నాడు కర్నల్.

రెండో అనుమానం కెప్టెన్ వెల్బీ దొరది. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుతో ఉండేవాడు. పటం మీద నాగలేటి కనుమ దగ్గర వేలు పెట్టాడు. "మనకున్న దారి ఇదొక్కటే సార్. రెండువైపులా నిలువు కొండ, మధ్యలో పారే గెడ్డ. పైనుంచి ఇరవైమంది రాళ్ళు దొర్లిస్తే ఆరువందల మందీ అక్కడే ఉంటాం. పైగా దారికి అడ్డంగా ఏనుగంత బండ ఉంది. దాన్ని మందు పెట్టి పేల్చితేగాని ఫిరంగులు కదలవు. కొండ మీద మనుషులున్నారో లేదో తెలియకుండా అందులోకి దిగడం తెలివితక్కువ."

"తెలియకుండా ఎందుకు దిగుతాం? మన గంట ఉంది కదా," అన్నాడు కర్నల్, వసారాలో నిలబడ్డ సోమలింగం వైపు చేతికర్ర చూపిస్తూ.

ఆ గంట కథ చిన్నదే. సోమలింగం తండ్రి గుడిగంటలు పోసేవాడు. గొయ్యి తీసి, మట్టి అచ్చు పాతి, కరిగిన కంచు పోయడం వాళ్ళ తాతల నాటి పని. పదేళ్ళప్పుడు, పాతిపెట్టిన గంట పక్కన నేల మీద పడుకున్న సోమలింగం తటాలున లేచి, "నాన్నా, మూడు బళ్ళు వస్తున్నాయి," అన్నాడు. రోడ్డు మీద దుమ్మైనా లేదు. వాళ్ళు అంబలి తాగి మూతి తుడుచుకునేసరికి మూడు బళ్ళూ వచ్చాయి. పాతిన గంటకి నేల మాట వినిపిస్తుందని ఆయనకి ఆనాడు తెలిసింది. పెద్దయ్యాక పదకొండేళ్ళు అదే పిచ్చి. పెదవి పల్చగా, నడుం మందంగా ఒక గంట పోసి, రాతి నెర్రెలో తలకిందులుగా దింపి, నాలుక ఉండాల్సిన చోట ముళ్ళపంది ముల్లు కట్టాడు. ముల్లు మొన కింద మసి పూసిన గాజుపలక గడియారపు చక్రాల మీద మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఆరు కోసుల అవతల మనిషి అడుగేస్తే గంట వణుకుతుంది, ముల్లు మసిలో గీత గీస్తుంది.

"మా నాన్న మోగే గంటలు పోశాడు, నేను వినే గంట పోశాను," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు. వినేవాళ్ళు లేకపోతే కొలిమికి చెప్పేవాడు.

వెల్బీ దొర నమ్మకుండా పరీక్ష పెట్టాడు. కొండ వెనక్కి ఎవరినో పంపి, ఎవరిని పంపాడో చెప్పలేదు. సోమలింగం గాజుపలక చూసి, "మూడు గుర్రాలు దొరా. వెనకది కుంటుతోంది, ముందర ఎడమకాలు," అన్నాడు. ఆ గుర్రం ఎక్కినవాడికే ఆ సంగతి తెలియదు. తీరా డెక్క ఎత్తి చూస్తే నాడా కింద గులకరాయి. ఆ రోజు నుంచి గంటని పటాలంలో చేర్చుకున్నారు.

"ఆచారీ," అన్నాడు వెల్బీ దొర. ఆయన తెలుగు మద్రాసులో పండితుల దగ్గర నేర్చుకున్న తెలుగు. "కొండ మీద మనుష్యులు ఉన్నారా, లేరా? నీవు నిశ్చయముగా చెప్పవలెను."

సోమలింగం మూడు గాజుపలకలు బల్ల మీద పేర్చాడు. "మూడు రోజులు కావస్తోంది దొరా. అంతకుముందు రోజూ తెల్లారితే రోకళ్ళు, గొడ్డళ్ళు, మేకలు, పిల్లల పరుగులు, ఒకటే సందడి. ఇప్పుడు సూడండి, ఒక్క గీత లేదు. కొండ ఖాళీ. పటాలం వచ్చిందని తెలిసి సరుకూ సంచీ సర్దుకుని ఒరిస్సా వైపు దిగిపోయుంటారు. నా గంట అబద్ధం ఆడదు."

"ఖాళీ!" అన్నాడు కర్నల్, ఆ ముక్క మాత్రం తెలుగులోనే. ఆ పూటే బండ తొలిచే దళాన్ని కనుమలోకి పంపమన్నాడు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మందు పేలాలి, పటాలం కదలాలి.

సోమలింగం మీసం మీద చెయ్యేసుకుని ఇంటికెళ్ళాడు.

భార్య కామాక్షి వడ్డిస్తూ సణుగుతోంది. "కూరలో పసుపు లేదని మళ్ళీ వంక పెట్టకండి. కొండ మీంచి పసుపు తెచ్చే బుద్రి ఈ వారం సంతకి రాలేదు. మా రుద్రయ్యకి ఆ కొండపసుపు వేస్తేగాని ముద్ద దిగదు. పాపం వాడు పొద్దున్నే దళంతో ఎల్లిపోయేడు."

రుద్రయ్య ఆమెకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్ళు. కామాక్షే ఎత్తుకుని పెంచింది. ఇప్పుడు ఇరవైనాలుగేళ్ళ కమ్మరి, బండ తొలిచే దళానికి ఉలులు సాన పెట్టే పని. తండ్రి సుత్తి తప్ప మరోటి చేత పట్టడు. ఒక గట్టి దెబ్బ, కింది ఇనపదిమ్మ దాగలి మీద రెండు తేలిక చప్పుళ్ళు, మళ్ళీ గట్టి దెబ్బ. వాళ్ళ నాన్న వాయింపు అది. పెరట్లో నిలబడి ఆ చప్పుడు వింటూ, "అదుగో మా నాన్న," అని కామాక్షి ఎన్నోసార్లు కళ్ళు ఒత్తుకుంది.

"బుద్రి ఎక్కణ్ణుంచి వస్తాదే," అన్నాడు సోమలింగం, ధీమాగా అన్నం కలుపుతూ. "కొండ మీద పురుగు లేదు. అంతా పారిపోయేరు. నా గంట చెప్పింది."

కామాక్షి గరిటె పట్టుకుని ఆయన వంక చూసింది. "పారిపోవడం ఏటి? ప్రతి ఏడూ జ్యేష్ఠంలో ఈ మూడు రోజులూ దిగరు కదేటి! నేలతల్లి మూడు రోజులంట. రోకలి ముట్టరు, గొడ్డలి ముట్టరు, పొయ్యి రాయి కూడా జరపరు. గట్టిగా అడుగు కూడా వెయ్యరు. పిల్లా మేకా అందరూ కొండ నెత్తి మీద ఒక్క చోట చేరి, ఆకులు పరుచుకుని, చెవి నేలకి పెట్టుకుని పడుకుంటారంట. బుద్రి నాకు పన్నెండేళ్ళుగా చెప్తోంది. మీరెప్పుడు విన్నారు? మీకు ఆ గంట మాట తప్ప ఇంకొకరి మాట చెవికెక్కితే గదా!"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

గంట అబద్ధం ఆడలేదు. అడుగులు లేవంది, అంతే. మనుషులు లేరన్నది తను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! పైన మూడు నాలుగువందల మంది, ఆడా మగా పిల్లలు, ఆయుధమన్నది లేకుండా ఒక్కచోట పడుకుని ఉన్నారు. ఉన్నారని చెబితే కర్నల్ వాళ్ళని గంప కింద కోళ్ళని పట్టినట్టు పట్టుకుంటాడు. చెప్పకపోతే పటాలం పైకెక్కి వాళ్ళ మధ్యలోకే వెళ్ళి పడుతుంది. బెదిరిన సిపాయి చేతిలో తుపాకీ ఏం చేస్తుందో ఎవరైనా చెప్పగలరు.

"ఏటండీ, తినరేటి?" అంది కామాక్షి.

ఆయన చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి, గంట పాతిన బోడిగుట్ట వైపు పరుగెత్తాడు.

గుట్ట మీద కొత్త గాజుపలక ఎక్కించి కూర్చున్నాడు. ముల్లు కనుమలో రుద్రయ్య సుత్తి చప్పుడు గీస్తోంది, ఒకటి పొడుగు, రెండు పొట్టి. దళం భోజనాలకి లేచింది కాబోలు, ఆ గీతలు ఆగిపోయాయి. ఇక మిగిలింది ఉత్త గీత.

ఉత్త గీత కాదు. కంటికి దగ్గరగా పెట్టుకుంటే తెలిసింది. సన్నగా, సాగతీసినట్టు, పైకి లేచి కిందికి దిగుతోంది. పటాలం గుర్రాల అలికిడి అనుకుని మూడు రోజులుగా వదిలేసినది ఇదే. పాత పలకలు తీసి వరసగా పెట్టాడు. మొదటి రోజు చీమంత ఎత్తు. రెండో రోజు వడ్లగింజంత. ఇవాళ చిక్కుడుగింజంత.

ఆ గీత ఆయనకి తెలుసు. గంటలు పోసే ఇంట పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మట్టి అచ్చు పగలబోయే ముందు మూలుగుతుంది. చెవికి ఆనీ ఆనకుండా, కడుపులో తెలిసే మూలుగు. అది విని పక్కకి దూకినవాడు బతుకుతాడు. తండ్రి ఆయన భుజం పట్టి లాగిన చోట ఇప్పటికీ గోళ్ళ మచ్చలున్నాయి.

నాగలేటి కనుమ మీది కొండ పగలబోతోంది. దాని కాళ్ళ దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి తుపాకిమందు పేలుస్తారు. అక్కడ రుద్రయ్య ఉన్నాడు.

సోమలింగం బంగళాకి పట్టుకొచ్చిన పలకలు వెల్బీ దొర ఒకటికి నాలుగుసార్లు చూశాడు. తన కళ్ళజోడు తీసి, దాని అద్దంతోనే గీతలు పెద్దవి చేసి చూశాడు.

"మొన్నటి వరకు ఈ గీత ఏల కానరాలేదు?"

"రోకళ్ళూ గొడ్డళ్ళూ దాన్ని కప్పీసేయి దొరా. ఇప్పుడు పైన అలికిడి లేదు గనక కొండ గొంతు బయటపడింది." సోమలింగం పలకలు పక్కకి జరిపాడు. "ఇంకో మాట. కొండ ఖాళీ అన్నది నా తప్పు. అడుగులు లేవని గంట అంది. మనుషులు లేరని నేనన్నాను."

వెల్బీ దొర తల ఎత్తాడు.

"ఇక చెప్పవద్దు," అన్నాడు దొర. "నాకు తెలిసినచో కర్నల్ గారికి వ్రాయవలసి వచ్చును. కొండ సంగతి మాత్రము చెప్పుదము."

చెప్పారు. కర్నల్ బ్రాండన్ సాయంత్రం టీ తాగుతూ విన్నాడు. నవ్వాడు కూడా. "పొద్దున్న ఈ గంటే కొండ ఖాళీ అంది. ఇప్పుడు కొండ పడిపోతుందంటోంది. వెల్బీ, పైకెక్కడమంటే నీకెంత ఇష్టమో నీ గంటకీ అంతే ఇష్టంలా ఉంది. అనుమానాలు పెట్టుకుంటే రాజ్యాలు నిలబడవు. ఎనిమిది గంటలకి మందు పేలుతుంది."

డాక్టర్ పిమ్ తన కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు.

అప్పుడు సోమలింగం వసారా లోంచి లోపలికి వచ్చాడు. పిలవకుండా దొరల గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. "గంటని కనుమలోకి పట్టుకెళ్తాను. బండ పక్కనే దింపుతాను, దాని పక్కన నేను కూర్చుంటాను. నా మాట నిజమైతే ముందు నా తలే పగులుతుంది. అలా అని కర్నల్ గారికి చెప్పండి దొరా."

కర్నల్ భుజాలు ఎగరేశాడు. వెళ్ళమన్నాడు.

తెల్లవారేసరికి గంటనీ దాని సరంజామానీ కావిడి మీద మోయించుకుని కనుమలోకి దిగారు. వెల్బీ దొర గుర్రం వదిలేసి నడిచే వచ్చాడు. గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు. బండకి పది చిల్లులు తొలిచి, అప్పటికే మందు కూరేశారు. రుద్రయ్య పనిముట్లు సర్దుకుంటూ బావని చూసి పళ్ళికిలించాడు.

"ఏటి బావా, గంటని ఊరేగిస్తన్నావు? పూజారిని తేలేదేటి?"

"నోర్ముయ్యరా. మీ అక్క పసుపు లేని కూర పంపింది, తిను."

గంటని రాతి నెర్రెలో దింపి ముల్లు వదిలాడు సోమలింగం. ముల్లు గాజుపలక మీద ఒక్క ఊపు ఊపి, మసి దాటి, అంచు దాటి బయటికి పోయింది. ఇంకో పలక పెట్టాడు. అదీ అంతే. అటు కనుమ మొదట్లో ఆరువందల మంది బూట్లు ఒక్కసారిగా నేల తన్నుతూ వరసకట్టాయి. ఆ దెబ్బకి ముల్లు పిచ్చెత్తినట్టు కొట్టుకుంది.

"దొరా!" అని అరిచాడు. "ఇంక లెక్క లేదు. లెగమనండి. అందర్నీ లెగమనండి!"

ఆ కేక పుట్టిన గొంతులో అనుమానం లేదు. వెల్బీ దొర పలక చూడలేదు, ఆయన ముఖం చూశాడు. తనకి ఆ అధికారం లేదని ఆయనకి బాగా తెలుసు. అయినా దళం వైపు తిరిగి చేతులు రెండూ ఎత్తాడు. "మందు వద్దు! వత్తి ముట్టించకండి! బయటికి! పరుగెత్తండి, వరసలో కాదు, ఎవడి అడుగు వాడు వేస్తూ!"

ముప్పైమంది పరుగు తీశారు. సోమలింగం గంటని గుండెకి హత్తుకుని దొరతో పాటు పరుగెత్తాడు. కనుమ మొదట్లో కర్నల్ బ్రాండన్ ఎర్రబడ్డ ముఖంతో ఎదురొచ్చాడు. "ఎవరి హుకుం మీద, కెప్టెన్? నిన్ను కోర్టుకి ఈడుస్తాను, విను..."

అప్పుడు కొండ మాట్లాడింది. ముందు పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. తర్వాత కుడివైపు వాలు, చెట్లతో సహా, నింపాదిగా, తొందరేమీ లేనట్టు జారి కనుమలోకి కూర్చుంది. దుమ్ము లేచి పొద్దుని కప్పేసింది. మందు పేలలేదు. దాని అవసరమే కలగలేదు.

తలలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువ.

"రుద్రయ్య సుత్తి మర్చిపోయేనని ఎనక్కెళ్ళేడు ఆచారిగారూ," అన్నాడు దళంలో ఒకడు, ఏడుపు గొంతుతో. "వాళ్ళ నాన్నదంట. రారా అంటే ఇనలేదు."

సోమలింగం కూలిన వాలు వంక తిరిగాడు. కమ్మరివాడు పనిముట్టు వదిలి రాడు. రుద్రయ్య వెనక్కి వెళతాడని తనకి తెలియదా? చెయ్యి పట్టుకుని ఈడ్చుకు రావలసింది. గంటని హత్తుకుని వచ్చాడు, వాణ్ణి వదిలేసి! కామాక్షికి ఏ ముఖం చూపించాలి?

అయితే చేతులు ఆయన్ని అడగకుండానే పని మొదలెట్టాయి. కూలిన రాళ్ళ అంచున గంటని దింపాడు. ముల్లు నిలకడగా ఉంది. కొండ మూలుగు పోయింది. "ఎవరూ కదలొద్దు," అన్నాడు. వెల్బీ దొర ఆ మాట గట్టిగా చెప్పాడు. ఆరువందల మంది నిలబడ్డచోట నిలబడిపోయారు. కర్నల్ కూడా కర్ర ఎత్తిపట్టుకుని ఆగాడు.

ఒకటి పొడుగు. రెండు పొట్టి. ఒకటి పొడుగు.

"బతికున్నాడు!" సోమలింగం కళ్ళనిండా నీళ్ళు. "సుత్తి వాయిస్తన్నాడు దొరా, మా మావగారి వాయింపు!"

గంటని ఇంకో రెండుచోట్ల దింపి చూశాడు. చీలిన మద్దిచెట్టు దగ్గర గీత అన్నిటికన్నా లోతుగా పడింది. అదే సమయంలో సిపాయిలు గోలగా తుపాకులు ఎత్తారు. పక్క గట్టు మీంచి కొండజనం దిగుతున్నారు. నలభై యాభైమంది, వట్టి కాళ్ళు, వట్టి చేతులు. వెల్బీ దొర ఎదురెళ్ళి తుపాకీ గొట్టాలని చేత్తో కిందికి నొక్కాడు.

ముందు నడుస్తున్న ముసలాయన ఎవరి వంకా చూడలేదు. కూలిన రాళ్ళ మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. కాస్త జరిగాడు, మళ్ళీ ఆనించాడు. లేచి నేరుగా మద్దిచెట్టు దగ్గరికి వచ్చి, సోమలింగం గంట పక్కనే అరచెయ్యి వేశాడు.

"ఈడ," అన్నాడు.

సోమలింగం తన గంట వంకా ఆ ముసలి చెవి వంకా చూశాడు. పదకొండేళ్ళ పనిని ఆ ముసలాయన ఒట్టి చెవితో చేసేశాడు. వెనకనుంచి బుద్రి నవ్వింది. "ఏటి బాబూ, అలా సూస్తన్నావు? వానల ముందర కొండ ఏ పక్క జారతాదో ఇంటాం. ఊరంతా మూడు దినాలు నోరు మూస్తేగాని అది సెప్పదు. ఈ కనుమ పడతాదని మొన్ననే తెలిసింది. మేం ఇటు రావడం మానేసేం." ఒక సిపాయి గునపం ఎత్తబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇనుం దించకండి. మూడు దినాలు అయినా ఈ పొద్దు గుంకేదాకా నేలకి ఇనుం తగలకూడదు. సేతుల్తో తీద్దాం."

చేతులతోనే తీశారు. సిపాయిలూ కొండజనమూ బారుగా నిలబడి రాయి మీద రాయి అందించుకున్నారు. మూడు జాములు పట్టింది. రెండు బండల సందులో రుద్రయ్య దొరికాడు, సుత్తి గుండెల మీద పెట్టుకుని. ఎడమకాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. డాక్టర్ పిమ్ అక్కడే, చెట్టు కింద, దాన్ని తీసేశాడు. స్పృహ వచ్చాక రుద్రయ్య అడిగిన మొదటి మాట సుత్తి గురించే. విని కామాక్షి ముందు వాణ్ణి తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత సోమలింగాన్ని తిట్టింది.

కనుమ మూసుకుపోయింది. పటాలం తిరిగి వెళ్ళక తప్పదు. కర్నల్ బ్రాండన్ రెండు రోజులు పటం ముందే కూర్చున్నాడు. మూడో రోజు వెల్బీ దొర కొలిమి దగ్గరికి వచ్చాడు. గంట అక్కడ రాతిగూట్లో దింపి ఉంది. సోమలింగం రుద్రయ్య సుత్తికి కొత్త పిడి వేస్తున్నాడు.

"ఆచారీ, కర్నల్ గారు తెలివితక్కువవారు కారు," అన్నాడు దొర, గుమ్మంలో నిలబడి. "కొండజనము మూడు దినములు నిశ్శబ్దముగా ఒక్కచోట చేరుదురని సిపాయిల వలన ఆయనకు తెలిసిపోయినది. నీవు ఇరవై గంటలు పోయవలెనట. వచ్చే జ్యేష్ఠమున ఎక్కడ అలికిడి ఆగునో అక్కడికి వెళ్ళుదురట. ఇదే కాదు, ఎక్కడెక్కడ మన్యమున్నదో అక్కడెల్ల. గంటను చూచుటకు ఇప్పుడే వచ్చుచున్నారు."

సోమలింగం పిడి బిగించాడు. మద్దిచెట్టు దగ్గర నేల మీద పడ్డ ఆ ముసలి అరచెయ్యి కళ్ళ ముందు కదిలింది. గంట వైపు చూశాడు. ముల్లు కదులుతోంది. రెండు గీతలు, ఒక చుక్క. రెండు గీతలు, ఒక చుక్క. కాళ్ళు, చేతికర్ర. సందు మలుపు తిరిగాయి. పక్కింటి రావిపాటి వారి అరుగు దాటాయి. గంట ఎంత చక్కగా వింటోంది! అలాంటిది ఆ కాలంలో మరొకటి లేదని ఆయనకి తెలుసు, తను మళ్ళీ చెయ్యననీ తెలుసు.

"తప్పుకోండి దొరా," అన్నాడు.

రుద్రయ్య సుత్తిని సోమలింగం ఎత్తి, గంట పెదవి మీద, పల్చని చోట, ఒక్క గట్టి దెబ్బ వేశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ గంట మోగింది, మోగుతూనే పగిలింది.

బయట కర్ర చప్పుడు ఆగింది. "ఏమిటా మోత?" అని కర్నల్ గొంతు.

సోమలింగం సుత్తి పట్టుకుని నిలబడిపోయాడు. దాచడానికి వేళ లేదు. వెల్బీ దొర రెండంగల్లో వచ్చి, ఆయన చేతిలోని సుత్తి లాక్కుని తన చేత పట్టుకున్నాడు. కర్నల్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి సుత్తి కెప్టెన్ దగ్గరే ఉంది.

"తట్టి చూశాను సార్," అన్నాడు వెల్బీ దొర. "కనుమలోనే పగిలినట్టుంది. మీరూ తట్టి వినండి, మీకే తెలుస్తుంది."

కర్నల్ తన కర్రతో గంటని తట్టాడు. పగిలిన కుండ చప్పుడు చేసింది. "ఇంకోటి పోయలేవా?" అని అడిగాడు. వెల్బీ దొర తెలుగు చేశాడు.

సోమలింగం చేతులు జోడించాడు. జీవితంలో ఎప్పుడూ అనని మాట అన్నాడు. "నా వల్ల కాదు దొరా. మొదటిది ఎలా కుదిరిందో నాకే తెలీదు."

కర్నల్ వెళ్ళాక వెల్బీ దొర సుత్తిని జాగ్రత్తగా దాగలి మీద పెట్టాడు. "నువ్వు అబద్ధం బాగా ఆడలేవు ఆచారీ," అన్నాడు. ఈసారి పండితుల తెలుగు కాదు. తరవాతి వారమే ఆయన్ని దూరం బదిలీ చేశారు. హుకుం లేకుండా దళాన్ని బయటికి పిలిచినందుకని చెప్పుకున్నారు.

ఏడాది తిరిగింది. జ్యేష్ఠంలో మూడు రోజులు సోమలింగాచారి కొలిమి వెలగలేదు. రుద్రయ్య చంకకర్రకి గుడ్డ చుట్టుకున్నాడు. కామాక్షి మూడు రోజులు వడ్లు దంపకుండా ఎలా గడుస్తుందని సణిగి, చివరికి తనూ రోకలి మూల నిలబెట్టింది. సోమలింగం మధ్యాహ్నమంతా వసారాలో బోర్లా పడుకుని చెవి నేలకి ఆనించి ఉండేవాడు. మొదటి రోజు ఏమీ వినిపించలేదు. రెండో రోజు తన గుండే వినిపించింది.

నాలుగో రోజు పొద్దున్న తటాలున లేచి కూర్చున్నాడు. "ఏమేవ్, బుద్రి దిగుతోంది. బుట్ట బరువుగా ఉంది. పసుపు తెస్తోంది."

"ఆఁ, మొదలెట్టేరు మళ్ళీ," అంది కామాక్షి. "గంట లేకుండా మీకేటి తెలుస్తాది?"

"గంట పోసిందెవరే?" అన్నాడాయన, మీసం మీద చెయ్యేసుకుంటూ.

ఆమె నవ్వాపుకుంటూ గుమ్మంలోకి వెళ్ళి సందు చివరికి చూసింది. ఎవరూ లేరు. అయినా అక్కడే నిలబడింది.